గేటుకూ మోటారుకూ ఒకటే కాలువ

చెరువు గేటు తిప్పే ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన్ని అందరూ పేరుతోనే పిలిచేవారు. కొన్ని వానాకాలాలు గడిచేసరికి పేరు కొట్టుకుపోయి గేటాయన మిగిలాడు. ఓటరు కార్డు మీద తప్ప ఆ పేరు ఇప్పుడు ఇంకెక్కడా కనబడదు. అందుకు ఆయనకు బాధ లేదు. ఊరి చివర ఇంత చెరువు, దానికి ఒకటే గేటు, ఆ గేటుకు ఒకడే మనిషి. అంతకన్నా ఏం కావాలి?

పొడుగాటి మనిషి. ఇనుప చక్రం తిప్పీ తిప్పీ కుడి భుజం ఎడమదానికంటే బలిసింది. చొక్కా కుట్టే టైలరు టేపు మెడలో వేసుకుని, "నీకు రెండు చొక్కాల కొలతలు తీసి ఒక చొక్కా కుట్టాలయ్యా" అనేవాడు. గేటాయన నవ్వేవాడు కాదు గానీ, ఆ మాట ఇంటికొచ్చి భార్యకు చెప్పేవాడు.

ఒకప్పుడు చెరువు చుట్టూ ఖాళీ నేల. వాన పడితే సగం ఆ నేలే తాగేది, మిగతా సగం తీరిగ్గా చెరువుకు చేరేది. తర్వాత ఊరు పెరిగింది. పైనంతా సిమెంటు రోడ్లు, రోడ్ల పక్కన ఇళ్లు, ఇళ్ల ముందు కార్లు నిలిపే గచ్చు. నేలకు నోరు మూసేశారు. ఇప్పుడు వాన వెలవకముందే నీళ్లన్నీ చెరువులో ఉంటున్నాయి. చెరువు మాత్రం ఎప్పటి చెరువే. నీళ్ల మధ్య పాతిన కొలత స్తంభం మీద ఒక ఎర్ర గీత ఉంటుంది. అది మునిగితే చెరువొడ్డు వీధిలోకి నీళ్లొస్తాయి. గేటాయన ఇల్లు ఆ వీధిలోనే.

కట్టకు అవతల పల్లంలో కింది లేఅవుట్ వెలిసింది. అక్కడ పడ్డ వాన తనంతట తాను ఎక్కడికీ పోలేదు. అందుకని మునిసిపాలిటీవాళ్లు పెద్ద సంపు తవ్వి, పక్కన పంపుహౌస్ కట్టి, మోటార్లు పెట్టారు. వీధి నీళ్లు సంపులో చేరతాయి, మోటార్లు తోడి కాలువలో పోస్తాయి. చిక్కంతా ఆ కాలువతోనే. చెరువు గేటు తీస్తే నీళ్లు పోయేది కూడా అదే కాలువలోకి. ఇంకో కాలువ తవ్వడానికి చోటు లేదు, ఉన్న చోటంతా ఇళ్లే. కాబట్టి గేటు ఎత్తినప్పుడు మోటార్లు ఆపాలి. సంపు నిండి గంట మోగితే గేటు దించి మోటార్లు వెయ్యాలి. రెండూ ఒకేసారి నడిస్తే కాలువ పట్టలేక, నీళ్లు వచ్చిన దారినే వెనక్కి తిరిగి, కింది లేఅవుట్‌లో మ్యాన్‌హోళ్ల మూతలు ఎత్తుకుని పైకొస్తాయి.

అదీ ఏర్పాటు. ఇద్దరు మనుషులు, ఇద్దరి చేతుల్లో చెరో వైర్‌లెస్ సెట్టు, ఇద్దరికీ కలిపి ఒక కాలువ. ఇక్కడిదాకా బాగానే ఉంది. మోటార్ల దగ్గర కూర్చున్నవాడు గేటాయనకు తోడల్లుడు కాకపోయుంటే ఇంకా బాగుండేది.

*

ఇద్దరికీ పిల్లనిచ్చిన మామగారు పూర్వం బస్సు డ్రైవరు. నోరు ఊరుకోదు. "నా పెద్దపిల్లను గేటుకిచ్చాను, చిన్నపిల్లను మోటారుకిచ్చాను. ఇంకా నా ఇంట్లోకి నీళ్లొచ్చాయంటే అది అల్లుళ్ల ప్రతాపమే" అని వచ్చినవాళ్లందరితోనూ అనేవాడు. ఆయనా, అత్తగారూ కింది లేఅవుట్‌లో చిన్న కూతురి ఇంట్లోనే ఉంటారు.

చిన్నల్లుడు రాకముందు ఆ ఇంట్లో కిటికీ పక్క కుర్చీ గేటాయనది. మామగారు ఏ విషయమైనా, "పెద్దల్లుడు ఏమంటాడో కనుక్కోండి" అనేవాడు. చిన్నల్లుడు మోటార్లు రివైండింగు చేసే షాపులో పనిచేసేవాడు. పెళ్లయిన వారంలోనే అత్తగారి మిక్సీ బాగుచేశాడు, తర్వాత ఫ్యాను, తర్వాత ఇంటి వైరింగు మొత్తం. పొట్టిగా, చురుగ్గా, ఎప్పుడూ ఏదో ఒకటి విప్పుతూ బిగిస్తూ ఉండేవాడు. గేటాయనకు విప్పడానికి ఏమీ లేదు. చెరువు గేటు ఎవరింట్లోనూ పాడవదు కదా! ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పెద్దలు ఊరికే అనలేదు.

పంపుహౌస్ కట్టినప్పుడు ఆపరేటరు ఉద్యోగం చిన్నల్లుడికే వచ్చింది. ప్రారంభోత్సవానికి పెద్దలు వచ్చారు, రిబ్బను కత్తిరించారు, పేపర్లో ఫొటో పడింది. మధ్యలో మీట నొక్కుతూ చిన్నల్లుడు, చుట్టూ చప్పట్లు కొడుతున్న మనుషులు, ఒక కొసన ఎవరిదో కుడి భుజం. ఆ భుజం గేటాయనది. ఇంకో అడుగు లోపలికి జరిగి ఉంటే ముఖం కూడా పడేది. మామగారు ఆ ఫొటోకు ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించాడు. వెళ్లినప్పుడల్లా గేటాయన కళ్లు ముందు అటే పోతాయి. తన భుజాన్ని తాను చూసుకుని, నోట్లో చేదు మింగి, "అందరూ బాగున్నారా?" అంటాడు.

"ఏం బావా, అంతసేపు చూస్తున్నారు ఫొటో?" అని ఒకసారి మరదలు అడిగింది.

"అద్దం మీద దుమ్ముంది."

"పొద్దున్నేగా తుడిచాను!"

"తుడిచిన దుమ్మే" అన్నాడు గేటాయన. ఇంట్లో అందరూ నవ్వారు. పెద్దల్లుడు జోకు వేశాడని మామగారు తెగ సంతోషపడ్డాడు.

ఊళ్లో కూడా అదే వరస. ఇదివరకు మబ్బు పడితే చాలు, టీకొట్టు దగ్గర నలుగురూ ఆయన చుట్టూ చేరేవారు. "గేటాయనా, ఎప్పుడు తీస్తున్నావు?" అని అడిగేవారు. ఆయన టీ ఊదుకుంటూ ఆకాశంవైపు చూసి, కాసేపాగి, అప్పుడు చెప్పేవాడు. ఆ కాసేపట్లోనే ఉండేది ఆయన గొప్పతనమంతా. ఇప్పుడు అదే నలుగురూ పంపుహౌస్ వైపు నడుస్తున్నారు. అక్కడ గోడకు తెర ఉంది, తెర మీద సంపులో నీటిమట్టం అంకెల్లో కనబడుతుంది. అంకె ఉన్నచోట ఆకాశం చూసే మనిషితో పనేముంది?

అన్నిటికన్నా గుచ్చుకునేది తోడల్లుడి మంచితనం. సెట్టులో పిలిచినప్పుడల్లా, "అన్నయ్యా, తిన్నావా?" అని అడుగుతాడు. వానలో గేటు దగ్గర నిలబడతాడని ఆయనకో మంచి రెయిన్‌కోటు కొని తెచ్చాడు. కయ్యానికి కాలు దువ్వేవాడైతే గేటాయన కూడా దువ్వేవాడు. ఇలా ఆప్యాయత ఒలకబోసేవాణ్ని ఏం చేస్తాం? ఆ రెయిన్‌కోటు ఆయన వేసుకోడు. అలాగని ఎవరికీ ఇవ్వడు. తలుపు వెనక మేకుకు వేలాడుతుంది, ఇంటికొచ్చిన మూడో మనిషిలా.

*

ఆ ఏడాది వానలకు ముందు ఇంజినీరు మేడమ్ ఇద్దరినీ ఆఫీసుకు పిలిపించింది. చిన్నవయసే గానీ పని తెలిసిన మనిషి. చెరువూ, వీధి కాలువలూ రెండూ ఒకరి చేతి కింద ఉండాలని పైనుంచి ఆర్డరు వచ్చిందనీ, పంపుహౌస్ మేడ మీద కంట్రోల్ రూము సిద్ధమవుతోందనీ, ఈ వానాకాలం చూసి ఇద్దరిలో ఒకరిని ఇన్‌ఛార్జిగా వేస్తాననీ చెప్పింది.

"అన్నయ్యకే ఇవ్వండి మేడమ్, సీనియరు" అన్నాడు చిన్నల్లుడు వెంటనే.

ఆ ఔదార్యానికి గేటాయన ఒళ్లు మండిపోయింది. అది తను అనాల్సిన మాట. అని, అందరూ కాదు కాదంటుంటే ఒప్పుకోవాల్సిన మాట. అదీ వాడే కొట్టేశాడు.

ఇంటికొచ్చాక భార్యతో, "చూశావా, నాకు దానం చేస్తున్నాడు" అన్నాడు.

"మంచిమాటే కదండీ అన్నాడు!"

"మంచిమాట ఎలా అన్నాడో నువ్వు చూడలేదు."

"ఎలా అన్నాడు?"

గేటాయన చొక్కా విప్పి దండెం మీద వేశాడు. "ముందా ఫ్యాను తీసెయ్, తల పగిలిపోతోంది" అని పడుకున్నాడు. పడుకున్నాడన్నమాటే గానీ నిద్ర లేదు. మేడ మీద గది, గాజు కిటికీ, తిరిగే కుర్చీ, దాంట్లో తను. అంతలోనే ఆ కుర్చీలో తోడల్లుడు ప్రత్యక్షమై, "అన్నయ్యా, తిన్నావా?" అని అడిగేవాడు.

వానాకాలం సగానికి వచ్చేదాకా ఎవరూ తప్పు చేయలేదు. తర్వాత ఒక పొద్దున మొదలైన వాన మధ్యాహ్నమైనా వెలవలేదు. ఇంజినీరు మేడమ్ ఊరికి అటు పక్క రోడ్డు కుంగిందని వెళ్లింది. కొలత స్తంభం మీద నీళ్లు ఎర్ర గీతకు కాస్త కిందిదాకా పెరిగి నిలిచాయి. గేటు సగం ఎత్తి ఉంది. కాలువలో చెరువు నీళ్లు బురదరంగులో పరుగెడుతున్నాయి. రేకుల షెడ్డు కింద గేటాయన ఒక చేయి చక్రం మీద వేసి, రెండో చేత్తో సెట్టు పట్టుకుని నిలబడ్డాడు.

సెట్టు గరగరలాడింది. "అన్నయ్యా! సంపు పొంగుతోంది. ఇక నీది తీసెయ్. తొందరగా తీసెయ్!"

రోజూ అయితే చిన్నల్లుడు "గేటు దించు" అంటాడు. ఆ రోజు కంగారులో మోటార్ల భాష వచ్చేసింది. వాళ్ల భాషలో మోటారు వెయ్యడమంటే నడపడం, తీసెయ్యడమంటే ఆపడం. "ఒకటో నంబరు తీసెయ్, రెండో నంబరు వెయ్" అని అతను తన కింద పనిచేసే కుర్ర ఆపరేటరుతో అరవడం గేటాయన సెట్టులో రోజూ వింటూనే ఉంటాడు.

కాబట్టి ఆ మాటకు అర్థమేమిటో ఆయనకు తెలుసు. తెలియకపోవడమేమిటి? సంపు పొంగుతుంటే పక్కన నిలబడి, గేటు ఇంకా ఎత్తమనే మనిషి ప్రపంచంలో ఉంటాడా? అయితే గేటు భాషలో ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. గేటు తీయడమంటే ఎత్తడమే. తలుపు తీసినట్టు. ఆ రెండో అర్థం వెతక్కుండానే వచ్చి ఆయన చేతిలో వాలింది.

"తీస్తున్నా" అన్నాడు.

"సరే అన్నయ్యా, నేను మోటార్లు వేస్తున్నా."

అప్పుడైనా ఆపవచ్చు. ఒక్కమాట అంటే సరిపోయేది. చక్రం తిరుగుతూనే ఉంది. దించే వైపు కాదు, ఎత్తే వైపు. కుడి భుజానికి అలవాటైన బరువు, ఎన్నో ఏళ్లుగా తిప్పుతున్న తిప్పు. మనసు ఏమంటోందో చేతికి అనవసరం అన్నట్టుగా తిరిగింది. గేటు పూర్తిగా లేచింది. చెరువు ఊపిరి పీల్చుకున్నట్టు కిందికి దూకింది.

కాసేపటికి సెట్టులో అరుపులు వినబడ్డాయి. గేటాయన గేటు దించాడు. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

*

కింది లేఅవుట్‌లో నీళ్లు మోకాళ్లు దాటాయి. మ్యాన్‌హోళ్ల మూతలు లేచిపోయాయి. ఒక మోటారు కాలిపోయింది. ప్రాణాలకు ఏమీ కాలేదు గానీ పరుపులు, ఫ్రిజ్జులు, పిల్లల పుస్తకాలు అన్నీ బురద. మామగారు మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, "నా బస్సు ఒక్కసారి కూడా కాలువలోకి పోలేదు. ఇల్లు పోయింది" అన్నాడు.

మర్నాడు గేటాయన దంపతులు బురద ఎత్తడానికి వెళ్లారు. లోపల అడుగుపెడుతూనే ఆయన కళ్లు అలవాటుగా గోడ మీదికి పోయాయి. నీళ్లు ఫొటోదాకా రాలేదు. అందుకు తనకు కలిగింది నిరాశ అని తెలుసుకుని, తేలు కుట్టిన దొంగలా చూపు దించుకుని పార అందుకున్నాడు.

చిన్నల్లుడు ఇంట్లో లేడు. వీధిలో పక్కిళ్ల ముసలివాళ్ల మంచాలు బయటికి మోస్తున్నాడు. తిట్టాల్సిన జనం అతన్ని తిట్టడం లేదు. "నువ్వేం చేస్తావయ్యా, పాపం" అంటూ ఎవరో టీ ఇచ్చారు. గేటాయన పార పట్టుకుని కిటికీలోంచి ఆ టీ గ్లాసునే చూశాడు. ఆయనకు మాత్రం ఎవరూ టీ ఇవ్వలేదు.

విచారణ ఇంజినీరు మేడమ్ గదిలో జరిగింది. గుమాస్తా రాసుకుంటున్నాడు.

"ఆయన తీసెయ్ అన్నాడు. నేను తీశాను మేడమ్. గేటు తీయడమంటే ఎత్తడమే కదా!"

"ఆపమని అని ఉండొచ్చనిపించలేదా?"

గుమాస్తా తల ఎత్తి, "ఇందులో న్యాయం ఉంది మేడమ్" అన్నాడు. "లైటు తీసెయ్ అంటే ఆర్పుతాం. తలుపు తీసెయ్ అంటే తెరుస్తాం. గోడ తీసెయ్ అంటే పడగొడతాం. ఇప్పుడు ఈ గేటు లైటు జాతిదా, తలుపు జాతిదా అన్నది ప్రశ్న."

"గోడ జాతిది కాదు, సంతోషించండి" అంది మేడమ్. గేటాయన వైపు తిరిగింది. "మోటార్లు వేస్తున్నానని కూడా అన్నాడట. గేటు ఎత్తి ఉండగా మోటార్లు వెయ్యరు కదా! అప్పుడు అనుమానం రాలేదా?"

"వాన చప్పుడులో ఆ మాట వినపడలేదు మేడమ్."

అబద్ధం అంత సులువుగా వస్తుందని ఆయన అనుకోలేదు. చిన్నల్లుడు తలొంచుకుని నిలబడ్డాడు.

"తప్పు నాది మేడమ్. రోజూ దించు అనేవాణ్ని, ఆ రోజు నోరు జారాను. అన్నయ్యది ఏం లేదు" అన్నాడు.

గుమాస్తా రాయడం ఆపి అతనివైపు మెచ్చుకోలుగా చూశాడు. మేడమ్ కూడా అలాగే చూసింది. తప్పు మోసేవాడికి కూడా మెప్పే! ఇక వీడితో గెలిచేదెట్లా అనుకున్నాడు గేటాయన.

ఆర్డరు వచ్చింది. ఇకమీదట సెట్టులో 'తీసెయ్' అన్న మాట నిషిద్ధం. గేటుకు 'ఎత్తు', 'దించు'. మోటారుకు 'వెయ్యి', 'ఆపు'. ఆ మాటలే పెద్ద అక్షరాలతో రెండుచోట్లా గోడ మీద రాయించారు. గేటాయన కంట్రోల్ రూము ఇన్‌ఛార్జి. చిన్నల్లుణ్ని కొన్నాళ్లు మోటార్లకు దూరంగా ఉంచాలని గేటు మీదికి పంపారు.

మామగారు ఫోను చేశాడు. "శుభం అల్లుడూ! పెద్ద కుర్చీ ఎక్కావట" అని, కాస్త ఆగి, "చిన్నాడు బాగా నలిగిపోయాడు. నువ్వే ఓ మాట చెప్పు" అన్నాడు. కుర్చీ గురించి ఒక వాక్యం, వాడి గురించి రెండు. గేటాయన లెక్కపెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం మంచం మీద వాలుతూ, "కాస్త చలిగా ఉంది, ఆ ఫ్యాను తీసెయ్" అన్నాడు.

భార్య స్విచ్చు దగ్గరికి వెళ్లింది. చెయ్యి వెయ్యలేదు.

"తీసెయ్ అంటే ఏం చెయ్యాలండీ?" అంది.

"అదేం ప్రశ్న?"

"ఊరికే అడుగుతున్నా. ఆపమంటారా, ఊడదీసి కింద పెట్టమంటారా? పెళ్లయినప్పటినుంచీ మీరు ఈ మాట అంటున్నారు, నేను ఆపుతున్నాను. ఇన్నాళ్లూ నాకేమైనా పొరపాటు అర్థమవుతోందేమోనని."

గేటాయన కళ్లు మూసుకున్నాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆమె దుప్పటి తెచ్చి ఆయన మీద కప్పి, వంటింట్లోకి వెళ్లిపోయింది. ఈ సంగతి చెల్లెలితో కూడా అనలేదు. అంటే బాగుండేదేమో. ఒక్క మనిషి మౌనంగా తెలుసుకుని ఉండటం వీధంతా తిట్టడం కన్నా బరువు.

*

కుర్చీ నిజంగానే తిరిగేది. మొదటి రోజుల్లో ఎవరూ లేనప్పుడు గేటాయన దాన్ని ఒక చుట్టు తిప్పి చూసుకున్నాడు. గాజు కిటికీలోంచి కాలువ, కట్ట, అల్లంత దూరాన రేకుల షెడ్డు కనబడేవి. షెడ్డు కింద చిన్నల్లుడు. అక్కడ కూడా ఊరుకోలేదు. చక్రానికి కొత్త బేరింగు వేయించి, గ్రీజు పెట్టి, ఒంటిచేత్తో తిరిగేలా చేశాడు. ఇన్నేళ్లూ భుజం అరగదీసుకున్న గేటు ఇప్పుడు వాడికి సైకిలు చక్రంలా తిరుగుతోంది. చెరువొడ్డు వీధివాళ్లు అప్పుడే అతన్ని గేటాయన అనడం మొదలుపెట్టారు. పాత గేటాయన ఆ మాట టీకొట్టు దగ్గర తన చెవులతో విన్నాడు. టీ చల్లారిపోయింది.

పెద్ద వాన మళ్లీ ఒక ఉదయం వచ్చింది. ఈసారి ఇంజినీరు మేడమ్ కంట్రోల్ రూములోనే ఉంది. గేటు ఎత్తి ఉంది. చెరువు దిగుతోంది. అంతా పద్ధతిగానే సాగుతోంది. ఇంతలో కింది లేఅవుట్ వీధుల నీళ్లు ఒక్కసారిగా వచ్చి సంపులో పడ్డాయి. గంట మోగింది. తెర మీద అంకె చూస్తుండగానే ఎగబాకింది. కింద కుర్ర ఆపరేటరు, "సంపు పైన ఇనుప జాలీదాకా వచ్చేశాయండోయ్!" అని అరుస్తున్నాడు. కిటికీలోంచి చూస్తే మామగారి వీధి మలుపులో మ్యాన్‌హోలు మూత కదులుతోంది. గేటాయన సెట్టు నోటిదగ్గర పెట్టుకున్నాడు. ఎదురుగా గోడ మీద మూరెడేసి అక్షరాలున్నాయి. అవేవీ ఆయనకు కనబడలేదు.

"తమ్ముడూ, పొంగుతోంది! ఇక తీసెయ్, తొందరగా తీసెయ్!"

అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకు తెలియలేదు.

"దించుతున్నా అన్నయ్యా" అంది సెట్టు, తడుముకోకుండా. కొద్దిసేపటికే, "దించేశా. మోటార్లు వేసుకో."

కింద మోటారు హుంకరించింది. కాలువలో చెరువు నీళ్లు తగ్గాయి, సంపు నీళ్లు వచ్చి పడ్డాయి. తెర మీద అంకె నిలబడింది. మేడమ్ దాన్ని చూసింది, గోడ మీది అక్షరాలు చూసింది, తర్వాత గేటాయన్ని చూసింది.

"మీరు తీసెయ్ అన్నారు. ఆయన దించాడు" అంది నెమ్మదిగా.

గేటాయన తెర మీది అంకెకేసి చూశాడు.

"ఆయనకు అర్థమైంది. ఆ రోజు మీకు అర్థం కాలేదా?"

కాలేదు మేడమ్ అంటే సరిపోతుంది. మొదటి అబద్ధం నిలబడింది, రెండోదీ నిలబడుతుంది. కుర్చీ కూడా నిలబడుతుంది. కానీ అంత వానలో, అంత కంగారులో, తప్పుమాట విని కూడా తడబడకుండా దించాడే వాడు! అదీ ఆయన్ని మండించింది. తను కావాలని చెయ్యకుండా వదిలినదాన్ని వాడు కష్టపడకుండా చేసి చూపించాడు. ఆ మంటలోనే నోరు తెరుచుకుంది.

"అయింది మేడమ్" అన్నాడు. "మోటార్లు వేస్తున్నాననడం కూడా వినపడింది."

మేడమ్ చూపు ఆయన చేతిమీద ఉంది. ఆయన కూడా చూసుకున్నాడు. బొటనవేలు ఇంకా సెట్టు మీట మీదే ఉంది. నోరు తెరిచినప్పుడు ఎప్పుడు నొక్కాడో, నొక్కే ఉంది; అన్నదంతా గేటు దగ్గరికి పోయింది. మెల్లగా వేలు తీశాడు.

సెట్టులో వాన చప్పుడు వినబడింది. తర్వాత చిన్నల్లుడి గొంతు వచ్చింది. "రెండో మోటారు కూడా వెయ్యండి. కాలువలో చోటుంది."

ఎప్పుడూ నువ్వనే మనిషి వెయ్యండి అన్నాడు.

గేటాయన కిందికి దిగి రెండో మోటారు తనే వేశాడు. ఆ రోజు కింది లేఅవుట్‌లో ఎవరి గడపా తడవలేదు.

*

ఆ వారంలోనే కుర్చీ చిన్నల్లుడికి పోయింది, గేటాయన మళ్లీ గేటు దగ్గరికొచ్చాడు. సస్పెన్షను తప్పదనుకున్నాడు. మేడమ్ గట్టిగా ఒక మెమో ఇచ్చి, "గేటు మీకన్నా తెలిసినవాళ్లు లేరు, అందుకని" అంది. చిన్నల్లుడు ఇంట్లో ఏమీ చెప్పలేదు. "అన్నయ్యకు మేడ మెట్లు పడలేదు, మోకాళ్ల నొప్పి" అని మామగారికి చెప్పాడట. మామగారు నమ్మి, మోకాళ్లకు ఏదో నూనె సీసా పంపించాడు. గేటాయన భార్య ఆ సీసా తెచ్చి ఆయన ముందు పెట్టి, ఆయన ముఖంలోకి చూసి, చాలా రోజుల తర్వాత నవ్వింది.

"రాసుకోండి. లేకపోతే బాగుండదు" అంది.

రాసుకున్నాడు. నొప్పిలేని మోకాళ్లకు నూనె రాసుకోవడం ఎలాంటిదో ఆయనకే తెలుసు.

మామగారి ముందు చిన్నల్లుడు అన్నయ్యా అనే అంటాడు. సెట్టులో మాత్రం అనడు. తిన్నావా అని అడగడు. గేటు దించండి, గేటు ఎత్తండి, అంతవరకే. గేటాయన ఆ రెండు మాటలకోసం చెవి ఒగ్గి ఉంటాడు. వినగానే చక్రం తిప్పుతాడు. కొత్త బేరింగు మీద అది సులువుగా తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ, దీన్ని బాగుచేసింది కూడా వాడే కదా అని లోపల చురుక్కుమంటుంది. మేడ మీద గాజు కిటికీ వెనక పొట్టిగా ఒక నీడ కదులుతుంటే ఇంకా చురుక్కుమంటుంది.

అసూయ పోలేదు. పోతుందని ఆయన ఎవరికీ మాటివ్వలేదు. క్రమం మాత్రం మారింది. ఇప్పుడు ముందు గేటు దించుతాడు, కాలువ ఖాళీ అయిందని సెట్టులో చెబుతాడు. తర్వాత షెడ్డు కింద స్టూలు మీద కూర్చుని, తీరిగ్గా కుళ్లుకుంటాడు.